రెండు డోర్ల కార్లు: తొంభైల్లో దేశానికి వచ్చినవి, మన వాకిట్లోకి రానివి

ఇంతవరకు ఇక్కడ మన మూలపురుషుల గురించి, గని గురించి, మారికుప్పం రైలు గురించి రాసుకున్నాము. ఈసారి కార్లు. కార్లలో కూడా ఒక రకం మాత్రమే: తొంభైల్లో నడిమితరగతి మనిషి ఆశపడగలిగిన, రెండే డోర్లున్న, కొంచెం జోరు వేషమున్న కార్లు. వీటిని కూపే అంటారు. ‘ఇదేమి చరిత్రప్పా?’ అని ఇంట్లోనే అడిగినారు. ఒక ఊరు ఏమి కొన్నదో రాస్తే ఎట్లా చరిత్రో, ఏమి కొనాలని ఉండీ కొనలేకపోయిందో రాసినా అది చరిత్రే అని మా వాదన. మేము చదివింది కన్నడ మీడియం, తెలుగు రాత అవ్వ దగ్గర నేర్చుకున్నది. అందుకే మాటల్లో కోలారు వాసన ఉంటుంది.

మొదట కూపే అంటే ఏమో చూద్దాము. చానా మంది దీన్ని గొప్పవాళ్ళ కారు అనుకుంటారు. తొంభైల్లో పై దేశాల్లో అమ్మిన చవక కూపేలు అట్లాంటివి కావు. కంపెనీ దగ్గర అప్పటికే ఒక మామూలు ఇంటి కారు ఉంటుంది. దాని అడుగుభాగం, ఇంజను, గేర్లు అట్లే పెట్టుకుంటారు. పైన బాడీ మాత్రం మార్చి, కప్పు దించి, వెనక డోర్లు తీసేస్తారు. ఒపెల్ టిగ్రా (1994) లోపల ఉన్నది ఒపెల్ కోర్సా. ఫోర్డ్ ప్యూమా (1997) లోపల ఫోర్డ్ ఫియెస్టా. టయోటా పాసియో లోపల టయోటా టెర్సెల్. హ్యుందాయ్ 1990లో తెచ్చిన స్కూప్ లోపల ఎక్సెల్ అనే చిన్న కారు. అంటే సంతలో కొన్న మామూలు ఎద్దుకు కొమ్ములకు రంగు పూసి, మెడలో గంట కట్టినట్లు. దున్నేది అదే ఎద్దు, చూసేవాళ్ళకు మాత్రం పండగ.

ఈ లెక్క తెలిస్తే మన దేశం సంగతి బాగా అర్థమవుతుంది. 1991లో ఆర్థిక సంస్కరణలు వచ్చినాయి, 1993లో కార్ల తయారీకి లైసెన్సు అక్కరలేదన్నారు. తర్వాత ఒక్కొక్క కంపెనీగా దిగినాయి: 1995లో డేవూ, 1996లో ఒపెల్, ఫోర్డ్, 1998లో హోండా, హ్యుందాయ్. కూపేలు చేసిన కంపెనీలే వచ్చినాయి, కూపేలు మాత్రం రాలేదు. అయితే వాటి లోపలి సరుకు వచ్చింది. ప్యూమా కింద ఉన్న ఫియెస్టా అడుగుభాగం మీదనే డిక్కీ పెట్టి, నాలుగు డోర్లు పెట్టి 1999లో ఫోర్డ్ ఐకాన్ అమ్మినారు. ‘జోష్ మెషీన్’ అని టీవీలో ఊదరగొట్టింది దాన్నే. టిగ్రా కింద ఉన్న కోర్సా కూడా 2000లో డిక్కీతోనే వచ్చింది. హ్యుందాయ్ సొంతంగా గీసుకున్న మొదటి ఇంజను ఆల్ఫా. అది మొదట ఎక్కింది స్కూప్‌లో. ఆ ఇంజను కుటుంబమే 1999లో యాక్సెంట్ రూపంలో మద్రాసు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో తయారై మన రోడ్లమీదికి వచ్చింది.

కాబట్టి ‘ఇండియాకు కూపేలు రాలేదు’ అనేది సగమే నిజం. వచ్చినాయి, ఇంకో రెండు డోర్లు, ఒక డిక్కీ తగిలించుకుని వచ్చినాయి. మద్రాసు స్టాండర్డ్ కంపెనీ అరవైల్లోనే ఈ పాఠం నేర్చుకుంది. ఇంగ్లండులో రెండు డోర్లతో అమ్ముడుపోయిన హెరాల్డ్ కారుకు ఇక్కడ నాలుగు డోర్లు పెట్టి చేయాల్సి వచ్చింది. మనవాళ్ళకు కారంటే ఒక మనిషి బండి కాదు, ఒక ఇంటి బండి.

అయినా మూడు కార్లు ఈ లెక్కకు లొంగకుండా రెండు డోర్లతోనే మన దేశంలో పుట్టినాయి. వాటిలో రెండింటికి బెంగళూరు సంబంధం ఉంది. మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒకే టెస్టు అన్నింటి మీదా నడిపితేగాని ఏది ఎక్కడ నిలబడిందో తెలియదు. అందుకని మూడింటికీ ఒకే నాలుగు ప్రశ్నలు వేసుకున్నాము: లోపల ఏముంది, ఘాట్ ఎక్కుతుందా, వెనక సీట్లోకి మనిషి ఎట్లా పోతాడు, పాతబడినాక స్పేర్లు దొరుకుతాయా.

మొదటిది సిపాని డాల్ఫిన్. బెంగళూరులో సిపాని వాళ్ళు డెబ్బైల్లో బాదల్ అనే మూడు చక్రాల కారు చేసినారు. 1982లో ఇంగ్లండు రిలయంట్ కంపెనీ కిటెన్ కారు ఆధారంగా డాల్ఫిన్ తెచ్చినారు. 848 సీసీ అల్యూమినియం ఇంజను, ఫైబర్ బాడీ, ముందు ఇంజను, తిరిగేది వెనక చక్రాలు. పుట్టింది ఎనభైల్లో అయినా తొంభైల్లో సెకండ్ హ్యాండుగా మన పక్క చేతులు మారింది. బాడీ తేలిక, అందువల్ల రేసులకు, ర్యాలీలకు పనికొచ్చింది. షోళవరం రేసుల కాలంలో దానికి పేరుండింది. కానీ పుట్టిన మరుసటి ఏడే, 1983లో, మారుతీ 800 దిగింది. దానికి నాలుగు డోర్లు, జపాను ఇంజను. డాల్ఫిన్ ఆ పోటీకి నిలబడలేదు. సిపాని వాళ్ళు కూడా 1987లో అదే కారును నాలుగు డోర్ల మోంటానాగా మార్చినారు. డోర్ల విషయంలో వాళ్ళూ ఓటమి ఒప్పుకున్నట్లే లెక్క. తొంభైల చివరికి కంపెనీ కార్ల పని ఆగిపోయింది.

రెండోది టాటా సియెర్రా, 1991. ఇది నిజానికి జీపు జాతి. టాటామొబైల్ అనే పికప్ బండి అడుగుభాగం మీద కట్టిన కారు. పైన చెప్పుకున్న కూపే సూత్రమే ఇది కూడా: అడుగున మామూలు సరుకు, పైన కొత్త వేషం. వెనక పక్క డోరు ఉండాల్సిన చోట కప్పుదాకా వంగిన పెద్ద అద్దం పెట్టినారు. పవర్ విండోలు, ఏసీ అప్పటికి మన తయారీ బండ్లలో అరుదు. 1,948 సీసీ డీజిల్ ఇంజను, బలం 60 చిల్లర హార్స్‌పవర్. ఆ బరువైన ఒంటికి అది చాలదు. 1997లో టర్బో వచ్చినాక కొంచెం ఊపిరి వచ్చింది. చూపు కూపేది, నడక పికప్పుది.

మూడోది శాన్ స్టార్మ్, 1998. బెంగళూరు శాన్ కంపెనీ వాళ్ళది, తయారైంది గోవాలో. ఫైబర్ బాడీ, ఇద్దరికే సీట్లు, కప్పు తీసేయొచ్చు. ఇంజను రెనో వాళ్ళ 1,149 సీసీది, 60 హార్స్‌పవర్. జపాను మాజ్డా కంపెనీ 1989లో ఎమ్ఎక్స్-5 తెచ్చి, చిన్న చవక స్పోర్ట్స్ కారుకు లోకమంతా గిరాకీ ఉందని చూపించింది. ఆ గాలి పది ఏళ్ళకు మన దేశానికి తగిలితే స్టార్మ్ పుట్టిందనుకోవచ్చు. కానీ మాజ్డా 1.6 లీటర్ల ఇంజనుతో మొదలుపెట్టింది, ఇక్కడ 1.2తో సరిపెట్టుకున్నారు.

ఇప్పుడు ఘాట్ ప్రశ్న. రాబర్ట్‌సన్‌పేట మనుషులకు కారు కొనడమంటే మొదటి ఆలోచన తిరుపతి. ముళబాగిలు, పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగి చిత్తూరు మీదుగా పోవాలి, వచ్చేటప్పుడు అదే ఘాట్ ఎక్కాలి. ఒక్కడే నడిపితే డాల్ఫిన్ బరువుకు దాని ఇంజను చాలు. నలుగురు కూచుని, పైన లడ్డూ సంచులు పెడితే 848 సీసీకి కష్టమే. మామూలు సియెర్రా ఎక్కుతుంది, మెల్లగా ఎక్కుతుంది. స్టార్మ్ సులువుగా ఎక్కుతుంది, అయితే దాంట్లో ఇద్దరే. మొక్కు ఉండేది ఇంటిల్లిపాదికీ కదా.

వెనక సీటు ప్రశ్న దగ్గరే అసలు తీర్పు వచ్చింది. ఇది మన ఇంటి సంగతి కూడా. బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూసినారు. గనిలో పనిచేసిన నాయనకు ఆఖర్లో కొంత దుడ్డు చేతికొచ్చింది. పిల్లల చదువు, ఒక పెళ్ళి తీసిపెట్టి, మిగిలిన దాంట్లో పాత కారు ఒకటి కొనాలని మాట వచ్చింది. బెమెల్‌లో పనిచేసే చిన్నాయనకు పదేండ్లుగా ఒకే ఆశ, సియెర్రా. పేపర్లలో వచ్చిన దాని బొమ్మలు నోటుపుస్తకంలో అతికించి పెట్టుకున్న మనిషి. బెంగళూరులో సెకండ్ హ్యాండు బండి ఒకటి చూసి కూడా వచ్చినాడు. డీజిల్ లెక్కలు, సర్వీసు లెక్కలు అన్నీ చెప్పినాడు. నాయన తల ఊపుతూనే ఉన్నాడు.

అవ్వ ఒకే మాట అడిగింది: “వెనక ఎట్లా కూచునేది రా?” ముందు సీటు మడిస్తే దారి వస్తుందని చిన్నాయన చెప్పినాడు. “ఆ సందులో దూరేకి నేనేమి పిల్లినా? ముందు కూచున్నోళ్ళు దిగి దారిస్తేగాని నేను బయటికి రాకూడదా?” అనింది.

ఇంకెవరూ మాట్లాడలేదు. ఆ నెలలోనే పక్కకు జారే డోరున్న పాత మారుతీ ఓమ్ని వచ్చింది. ఎనిమిది మంది పట్టినాము. చిన్నాయన దాన్ని పన్నెండేళ్ళు నడిపినాడు, ఒక్క రోజూ సణగలేదు.

అవ్వ మాటను మేము తర్వాత చానాసార్లు తలుచుకున్నాము. రెండు డోర్ల కారులో వెనక కూచున్న మనిషి ముందు వాళ్ళ దయ మీద దిగాల. పడుచు వాళ్ళకు అది లెక్క కాదు. మోకాళ్ళు నొచ్చే ముసలావిడకు, చంకలో బిడ్డనెత్తుకున్న ఆడమనిషికి అది రోజూ పడే చిన్నతనం. మన ఇండ్లల్లో వెనక కూచునేది వాళ్ళే. అమెరికా పోయిన మన బంధువుల పిల్లలు కూడా పెళ్ళికి ముందు రెండు డోర్ల సివిక్ కొనడం, బిడ్డ పుట్టగానే అమ్మేయడం చూసినాము. అక్కడ జీవితంలో కూపేకు ఆ నాలుగైదు ఏండ్ల సందు దొరికింది. ఇక్కడ ఉమ్మడి ఇంట్లో ఉన్న చిన్నాయనకు ఆ సందు ఎప్పుడూ దొరకలేదు. అవ్వ అడిగింది న్యాయం. చిన్నాయన ఆశ కూడా తప్పేమీ కాదు. ఈ రెండూ ఒకే కారులో పట్టలేదు, అంతే.

నాలుగో ప్రశ్న స్పేర్లు. సియెర్రా ఇంజనే 1994లో వచ్చిన సుమోలోనూ పెట్టినారు. అందుకే చిన్న ఊళ్ళ మెకానిక్కులకు కూడా దాని పని తెలుసు, ఇప్పటికీ నడిచే సియెర్రాలు కనబడతాయి. డాల్ఫిన్‌కు తోబుట్టువుల్లేవు, కంపెనీ పోయినాక ఆసరా పోయింది. స్టార్మ్ వచ్చిన కాలానికి రెనో కార్లే మన దేశంలో అమ్మడం లేదు. అందం కన్నా, జోరు కన్నా, పక్కింటి బండితో పంచుకున్న నట్టు బోల్టులే ఒక కారును కాపాడతాయని ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఫైబర్ బాడీకి ఇంకొక సంగతి ఉంది. అది తుప్పు పట్టదు, గుజరీ అంగడివాడు దానికి దుడ్డు కూడా ఇయ్యడు. ఇనుప కారైతే కిలో లెక్కన పోతుంది. గనులు మూసినాక మన ఊళ్ళో ఇనుము ఎట్లా పోయిందో చూసినవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. ఫైబర్ డాల్ఫిన్ అట్లా పోదు, కొట్టం వెనక సొరతీగ కింద పడి ఉంటుంది.

ఇప్పుడు ఇది ఎందుకు రాస్తున్నామంటే, ఈ కార్లకు కాలం తక్కువగా ఉంది. 2021లో వచ్చిన రూలు ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండినే వింటేజ్ అంటారు. ఆ లెక్కన మొదటి డాల్ఫిన్‌కు 2032లో, మొదటి సియెర్రాకు 2041లో, స్టార్మ్‌కు 2048లో ఆ గౌరవం వస్తుంది. అంతవరకు అవి వట్టి పాత బండ్లే. 15 ఏళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ తిరగరాయించేదానికి 600 రూపాయలుండే ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ముసలి కారు ముద్దుబిడ్డ అయ్యేలోపల దాన్ని వదిలించుకోమనే అన్ని లెక్కలూ చెప్తాయి. ఇంకోపక్క, 2025 నవంబరులో టాటా వాళ్ళు సియెర్రా పేరును మళ్ళీ తెచ్చినారు. వంపు అద్దం పోలిక ఉంచినారు, వెనక మనుషులకు డోర్లు పెట్టినారు.

మీ ఇంటి కొట్టంలోనో, వి.కోట పక్కనో, బేతమంగళం తోటల్లోనో ఇట్లాంటి రెండు డోర్ల బండి పడి ఉంటే గుజరీకి పోకముందు మూడు పనులు చేయండి. నాలుగు పక్కలా ఫోటో తీయండి. చాసీ నంబరు, ఇంజను నంబరు రాసుకోండి. ఆర్‌సీ పుస్తకంలో ఎన్ని చేతులు మారిందో, ఏ ఏ ఊళ్ళు తిరిగిందో ఆ పేజీ జిరాక్సు తీసి ఇంటి కాగితాల్లో పెట్టండి. వీలైతే దాన్ని ఎవరు కొన్నారో, ఇంట్లో ఎవరు వద్దన్నారో కూడా ఒక ముక్క రాసి పెట్టండి.