ఏ అంగడికి పోయేవాళ్ళం? కుప్పం బొమ్మల పుస్తకాల పాఠకుల చరిత్రకు కొన్ని ఆధారాలు

మన సాహిత్య చరిత్రలు ప్రధానంగా రచయితల చరిత్రలు. కొంత ముందుకు వచ్చినవాళ్ళు పత్రికల చరిత్ర, ఉద్యమాల చరిత్ర రాశారు. పాఠకుడు పుస్తకాన్ని ఎక్కడ, ఎవరి చేతిమీదుగా, ఎంత ఇచ్చి తీసుకున్నాడన్న ప్రశ్న మాత్రం విమర్శకుడి స్థాయికి తగనిదన్నట్టు మూలన పడి ఉంది. అచ్చయిన పుస్తకం గాలిలో ఎగిరి వచ్చి పాఠకుడి ఒళ్ళో పడదు. మధ్యలో ఒక అంగడి ఉంటుంది. అంగడికి గడప ఉంటుంది. గడప ఉన్నచోట లోపలివాళ్ళూ బయటివాళ్ళూ ఉంటారు.

ఇది రాయడానికి కారణం మా తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు. ఫోనులో జపాను బొమ్మల కథలు చదువుతూ దొరికిపోయాడు. ఫోను లాక్కున్నాను. సాయంత్రం వచ్చి, "సార్, ఇట్లాంటియి పుస్తకాలుగా మన ఊర్లో యాడ దొరకతాయి? నెలనెలా పోయేదానికి ఒక అంగడి చెప్పండి" అన్నాడు. చెప్పలేకపోయాను. అతని వయసులో నేనుండగా ఇదే కుప్పంలో బొమ్మల పుస్తకం దొరికే చోట్లు నాలుగు ఉండేవి. ఆ నాలుగింటిలో దేనికి పోవాలన్నది మాకు పెద్ద చర్చ. ఆ చర్చను ఇన్నేళ్ళ తర్వాత, కొంచెం బుద్ధి వచ్చాక, మళ్ళీ చెయ్యాలని ఈ వ్యాసం.

కుప్పం సంగతి తెలియనివారికోసం రెండు మాటలు. ఒకవైపు తమిళనాడు, మరోవైపు కర్ణాటక. ఒకనాడు కంగుంది జమీందారీ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఉత్తర ఆర్కాటు జిల్లా. మద్రాసు, బెంగుళూరు మధ్య రైలుమార్గం మా ఊరి మీదుగా పోతుంది. తెల్లవారుజామున బెంగుళూరు రైలెక్కి కూలికి పోయి రాత్రికి తిరిగివచ్చే జనం అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఇంట్లో ఒక భాష, అంగట్లో ఒక భాష, బడిలో ఒక భాష మాకు వింత కాదు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడ పెట్టినప్పుడు బయటి పండితులు మెచ్చుకున్న బహుభాషా వాతావరణం ఇదే. మాకది పుస్తకాల మూటల్లోనే కనిపించింది.

నేను చెప్పేది 1990 ప్రాంతం. మొదటి చోటు గ్రంథాలయం. 1914లో బెజవాడలో మొదలైన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, అయ్యంకి వెంకటరమణయ్యగారి జీవితకాలపు కృషి, ఆపైన 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం, ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను: ఇంత చరిత్ర వెనక ఉండబట్టే మాలాంటివాళ్ళు బల్లముందు కూర్చుని ఉచితంగా చందమామ చదవగలిగారు. కానీ బల్లమీది చందమామ ఒకటే, చేతులు పది. ఇంటికి తీసుకుపోవాలంటే డిపాజిట్టు, పూచీ సంతకం. రెండో చోటు రైల్వే స్టేషను పుస్తకాల బడ్డీ. అక్కడ కొత్త పుస్తకాలు తీగకు వేలాడేవి. కొనేవాడికి తప్ప ముట్టుకునే హక్కు లేదు. దానిని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు, మేము దాని పాఠకులం కాము, చూపరులం.

మూడోది బాడుగ పుస్తకాల అంగడి. మన విమర్శకులు దీన్ని గురించి రాసినప్పుడల్లా క్షుద్ర సాహిత్యం, డిటెక్టివ్ నవలలు, గృహిణుల కాలక్షేపం అంటూ రాశారు. అవన్నీ ఉండేవి. అడుగు అరలో, పిల్లల చేతికి అందే ఎత్తులో, చందమామ, బాలమిత్ర, బొమ్మరిల్లు పాత సంచికలు, అమర చిత్ర కథలు ఉండేవి. రోజుకు పావలా బాడుగ. మూలన ఒక బెంచీ. బెంచీమీద కూర్చుని అక్కడే చదివేస్తే పది పైసలు. తొలిసారి వచ్చినవాడు పది రూపాయలు డిపాజిట్టు కట్టాలి.

ఆ పది రూపాయలు మా నాయన కట్టాడు. బడిలో నా పక్కన కూర్చునే మిత్రుడు కట్టలేకపోయాడు. వాళ్ళమ్మ అగరుబత్తీలు చుట్టేది. అతను, అప్పట్లో హరిజనవాడ అని పిలిచే దళితవాడ నుంచి వచ్చేవాడు. డిపాజిట్టు లేనివాడు బెంచీమీద చదువుకోవచ్చు గదా, పది పైసలు అతని దగ్గరా ఉన్నాయి. మొదటిరోజు ఇద్దరం లోపలికి పోయాం. అంగడాయన అతన్ని చూసి, "నువ్వు ఆడే ఉండు నాయనా, వాడు సదివినాక నీకు సెప్తాడులే" అన్నాడు. తిట్టలేదు, నాయనా అన్నాడు. ఆ మర్యాదవల్లనే కావచ్చు, అది అవమానమని నాకు ఆరోజు తెలియలేదు. నేను బెంచీమీద కూర్చుని గొంతెత్తి చదివాను, అతను మెట్టుమీద నిలబడి విన్నాడు. బొమ్మ వచ్చినప్పుడు పుస్తకం తిప్పి చూపించాను. చాలాకాలం దీన్ని నా స్నేహధర్మంగా చెప్పుకుని గర్వపడ్డాను. బొమ్మల పుస్తకాన్ని దూరం నుంచి చూపించి చదివి వినిపించడమంటే ఏమిటో ఆలోచించండి. బొమ్మమీద కన్ను ఎంతసేపు నిలపాలో చూసేవాడే నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయం నా చేతిలో ఉండిపోయింది.

వారం తిరగకముందే అతను రావడం మానేశాడు. నన్నే మరో చోటికి తీసుకుపోయాడు. అది నాలుగోది, పాత పేపర్ల అంగడి.

తక్కెడ, గోనెసంచులు, సీసాల గుట్ట, వెనక పుస్తకాల గుట్ట. మూటలు బెంగుళూరు నుంచి, బంగారుపేట నుంచి, కోలారు బంగారు గనుల కాలనీల నుంచి వచ్చేవి. గుట్టలో కూర్చుని చదివితే అడిగేవాడు లేడు. కావాలంటే తూకానికి కొనుక్కోవచ్చు. అంగడి నడిపే ఆయన తమిళం మాట్లాడే ముస్లిం. అక్షరం చదవలేడు, బొమ్మ చూసి వేరుచేసేవాడు. బొమ్మలున్నవి ఒక గుట్ట, లేనివి పొట్లాలకు. "పడిచ్చుట్టు పోట్టుడు తంబీ," చదివి పడెయ్యి తమ్ముడూ, అనేవాడు. ఇద్దరికీ ఒకటే మాట. మేము మా అంగడిని ఎంచుకున్నాం అని ఇప్పుడు రాస్తున్నాను గానీ, నిజానికి నా మిత్రుడి ముందు ఎంపిక అంటూ లేదు. మూడు గడపలు అతన్ని తీసేశాక మిగిలింది నాలుగోది. నాకుండింది ఎంపిక.

ఆ గుట్టలో ఏముండేవో చెబితే ఒక కాలపు ప్రచురణ చరిత్ర వస్తుంది. ఇంగ్లీషులో ఇంద్రజాల్ కామిక్స్. టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1964లో మొదలుపెట్టి 1990లో ఆపేసింది. మేము చదివేనాటికే ఆగిపోతున్న బండి అది. లీ ఫాక్ 1936లో సృష్టించిన ఫాంటమ్, అంతకు రెండేళ్ళ ముందు సృష్టించిన మాండ్రేక్ దాని ప్రధాన సరుకు. 1976 నుంచి ఆబిద్ సూర్తీ రాసిన బహదూర్ వచ్చాడు. మన దేశపు వీరుడే, కానీ పోలీసులకు తోడుగా బందిపోట్లను పట్టే వీరుడు. తమిళంలో 1972లో శివకాశి నుంచి మొదలైన ముత్తు కామిక్స్, 1984లో వచ్చిన లయన్ కామిక్స్, రాణి కామిక్స్. ముత్తు కామిక్స్ తొలి కథానాయకుడు ఇనుపచేతి మాయావి అసలు ఇంగ్లండు పత్రికల నుంచి దిగుమతి. అగ్గిపెట్టెల లేబుళ్ళు అచ్చేసే ఊరు బ్రిటిషు బొమ్మల కథలకు తమిళం నేర్పించింది. తెలుగులో బొమ్మల కథలు వారపత్రికల పేజీల్లో, పిల్లల పత్రికల్లో బాడుగకు ఉన్నాయేగాని, శివకాశిలాంటి స్థిరమైన కేంద్రం మనకు ఏర్పడలేదు. విజయవాడ ప్రచురణకర్తలకు నవల మీద ఉన్న నమ్మకం బొమ్మ మీద లేకపోయింది. దాని ఫలితంగా కుప్పం పిల్లలు తెలుగు బడిలో చదువుతూ తమిళ కామిక్స్ చదివారు.

ఎట్లా చదివారు? చందమామ చదివించింది. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మద్రాసు నుంచి చందమామను మొదలుపెట్టినప్పుడే తమిళంలో అంబులిమామ కూడా వచ్చింది. కథలవే, చిత్రా, శంకర్ వేసిన బొమ్మలవే. గుట్టలో ఒకే కథ రెండు భాషల్లో దొరికితే మాకు పండగ. బొమ్మ పక్కన బొమ్మ పెట్టి, తెలుగు పేరు దగ్గర తమిళ పేరు వెతికి, అక్షరం అక్షరం కూడబలుక్కున్నాం. ఇప్పుడు నేను తమిళం చదవగలుగుతున్నానంటే ఏ భాషా పథకమూ కారణం కాదు.

ఇక సిద్ధాంత చర్చకు వద్దాం. కామిక్స్ మీద అభ్యుదయ శిబిరానికి మొదటినుంచీ అనుమానం ఉంది. 1971లో అయెందే పాలనలోని చిలీలో ఏరియల్ డార్ఫ్‌మన్, అర్మాండ్ మత్తెలార్ కలిసి డోనాల్డ్ డక్‌ను ఎట్లా చదవాలో చెబుతూ ఒక పుస్తకం రాశారు. నవ్వించే బాతు వెనక వలసవాద అర్థశాస్త్రం ఎట్లా దాగిందో విప్పి చూపారు. 1973 సైనిక కుట్ర తర్వాత ఆ పుస్తకాన్ని తగలబెట్టారు. 1975లో దాని ఇంగ్లీషు ప్రతులను అమెరికా కస్టమ్స్‌వారు నిలిపివేశారు. బాతుబొమ్మను విమర్శిస్తే ఎవరికి నొప్పి కలిగిందో దీనివల్ల తెలుస్తుంది. అదే కొలతతో ఫాంటమ్‌ను తూస్తే ఏమీ మిగలదు. తరతరాలుగా ఒక తెల్లవాడు అడవిలో పుర్రె గుహలో కూర్చుని నల్లజనానికి న్యాయం చెబుతాడు. ఎం.ఏ. చదివే రోజుల్లో నేను సరిగ్గా ఈ మాటలే రాసి సెమినారులో చప్పట్లు కొట్టించుకున్నాను. అందులో తప్పేమీ లేదు. ఇప్పటికీ ఆ అభిప్రాయాన్ని వెనక్కి తీసుకోను.

అయితే ఈ విమర్శకు రెండో ముఖం ఉంది. బ్రిటన్‌లో 1950ల తొలినాళ్ళలో అమెరికను భయానక కామిక్స్‌కు వ్యతిరేకంగా ఉద్యమం నడిచింది. ఉపాధ్యాయులతోబాటు కమ్యూనిస్టులు అందులో ముందువరసలో ఉన్నారు. 1955లో అది నిషేధ చట్టంగా ముగిసింది. 1984లో మార్టిన్ బార్కర్ ఆ ఉద్యమ చరిత్ర తవ్వి ఒక ఇబ్బందికరమైన సంగతి బయటపెట్టాడు. ఆ కామిక్స్‌లో ఏముందో నిదానంగా చదివినవాళ్ళు, చదివే పిల్లలను అడిగినవాళ్ళు ఆ ఉద్యమంలో చాలా తక్కువ. నా సెమినారు పత్రంలోనూ పాఠకుడు లేడు. గుట్టమీద నా పక్కన కూర్చున్న పాఠకుణ్ణి నేనే మరచిపోయాను.

అతను ఫాంటమ్‌ను ఎట్లా చదివాడు? ఇంగ్లీషు మాకు రాదు, బొమ్మలే. అతని చూపు ముసుగు వీరుడి మీద కాకుండా చుట్టూ విల్లంబులు పట్టి నిలబడే పొట్టి బందార్ జనం మీద ఉండేది. "వీళ్ళ దగ్గిర విసం బాణాలుండాయి గదరా. వాడెందుకు వీళ్ళకి?" అని అడిగాడు ఒకసారి. డార్ఫ్‌మన్‌ను చదవని పన్నెండేళ్ళవాడు వేసిన ప్రశ్న ఇది. పాఠం ఎంత ప్రతీఘాతుకమైనా పాఠకుడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడన్నదాన్నిబట్టి దాని అర్థం పగులుతుంది. ఆ ప్రశ్న మెట్టుమీద నిలబడి విన్నప్పుడు రాలేదు, పుస్తకం అతని ఒళ్ళో ఉన్నప్పుడు వచ్చింది.

అమర చిత్ర కథల విషయం కూడా ఇట్లాంటిదే. 1967లో అనంత్ పాయ్ ఆధ్వర్యంలో మొదలైన ఆ వరుసలో రాజులు, దేవుళ్ళు, పతివ్రతలు నిండిపోయారన్న విమర్శ న్యాయమైనదే. అదే వరుసలో 1979లో అంబేద్కర్ జీవితం కూడా వచ్చింది. బాడుగ అంగడి అరలో అది నేనెప్పుడూ చూడలేదు. పాత పేపర్ల గుట్టలో చివరి పేజీలు లేకుండా దొరికింది. నా మిత్రుడు తూకం వేయించి, డబ్బిచ్చి కొన్న ఒకే ఒక్క పుస్తకం అది.

కుటుంబరావుగారి మాట ఎత్తకుండా ఈ చర్చ ముగించడం కుదరదు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామ సంపాదకీయ బాధ్యత మోసినవాడు ఆయన. 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు అందులో చేరినవాడూ ఆయనే. మనవాళ్ళు చాలామంది మొదటిదాన్ని జీవనోపాధి అనీ, రెండోదాన్ని ఆశయం అనీ విడదీసి పెట్టారు. ఆయన నవలల మీద పరిశోధనలు వచ్చినంతగా చందమామలో ఆయన దిద్దిన వాక్యం మీద రాలేదు. కుప్పం గుట్టలోకి ఆయన నవలలు వచ్చినట్టు నాకు జ్ఞాపకం లేదు. చందమామ వచ్చింది. బడి వాచకం చేరని ఇంటికి సూటిగా నడిచే తెలుగు వాక్యాన్ని చేర్చిన పనిని జీవనోపాధి అని పక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు. ఆ కథల్లో రాజులున్నారు, మంత్రగత్తెలున్నారు, నిజమే. ఆ వాక్యంలో పండితుడు లేడు.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. టీవీ వచ్చింది. బాడుగ పుస్తకాల అంగడి మొదట వీడియో క్యాసెట్ల అంగడి, ఆపైన సెల్‌ఫోన్ల అంగడి అయ్యింది. 2001లో కోలారు గనులు మూతపడ్డాయి, అటునుంచి మూటలు రావడం తగ్గింది. 2007లో చందమామ చేతులు మారింది, కొన్నేళ్ళకు ఆగిపోయింది. పాత పేపర్ల అంగళ్ళు ఇప్పుడూ ఉన్నాయి. అక్కడికి పుస్తకాలకన్నా అట్టపెట్టెలు ఎక్కువ వస్తున్నాయి.

మా పిల్లవాడికి ఏం చెప్పాలి? బెంగుళూరు చర్చి స్ట్రీటులో పాత పుస్తకాల అంగళ్ళున్నాయి, అక్కడ అతనడిగిన జపాను పుస్తకాలూ ఉన్నాయి. సుమారు 100 కిలోమీటర్ల దూరం. ఒక్కో పుస్తకం ధర వాళ్ళ నాయన ఒకరోజు కూలిలో సగానికి పైన. ఫోను ఉచితం. ఫోను తిరిగి ఇచ్చేశాను.

పోయిన ఏడాది మిత్రుణ్ణి కలిశాను. బెంగుళూరులో ఎలక్ట్రీషియను. ఇంద్రజాల్ పాతవి ఇప్పుడు వేలకు అమ్ముడుపోతున్నాయని తెలిసి నవ్వాడు, మనం ఎన్ని పొట్లాలకు పోనిచ్చినామో అన్నాడు. తన దగ్గరున్నవి, నా దగ్గరున్నవి కలిపి అరవై దాకా తేలాయి. బడిలో ఒక ట్రంకుపెట్టెలో పెట్టాను. తాళం లేదు, డిపాజిట్టు లేదు, రాసుకోవడానికి ఒక నోటుబుక్కు మాత్రం కట్టాను. ఆరునెలల్లో పదకొండు పుస్తకాలు తిరిగిరాలేదు. నోటుబుక్కు కూడా కనిపించడం లేదు. అంబేద్కర్ పుస్తకాన్ని మాత్రం అతను పెట్టెలోకి ఇవ్వలేదు. అడిగితే, అది నాదే ఉండనీలే అన్నాడు.