కిన్నెరసాని దాటని సలహాలు

మన సంఘంలో పురపాలక, పంచాయతీరాజ్, ఇరిగేషన్ శాఖలలో పనిచేసి రిటైరైన మిత్రులు చాలామంది ఉన్నారు. నిపుణులు రావడం, మనం లెక్కలు తీసి ఇవ్వడం, కొన్నాళ్లకు లావుపాటి నివేదిక రావడం, అది బీరువాలోకి చేరడం వీరందరికీ తెలిసిన వ్యవహారమే. అయితే అన్ని సలహాలూ బీరువా పాలు కాలేదు. ఏవి పనికివచ్చాయో, ఏవి రాలేదో మన జిల్లా అనుభవంతోనే చెప్పవచ్చునని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ముందుగా తలచుకోవలసినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తగా, మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం ఆయనను పిలిపించింది. ఎగువన జలాశయాలు కట్టి వరదను పట్టి ఉంచాలనీ, నగరానికి భూగర్భ మురుగుకాలువలు కావాలనీ ఆయన చెప్పారు. ఆ ప్రకారమే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అందరూ ఇంతవరకే చెబుతారు. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును కూడా చెప్పాలని నా అభిప్రాయం. ఇరుకు బస్తీలు బాగుచేయడం, రోడ్లు వెడల్పు చేయడం వంటి పనులను ఏళ్ల తరబడి పట్టుకుని కూర్చునే ఒక సంస్థ అప్పుడు ఉన్నది.

ఖమ్మానికి 1942లో మున్సిపాలిటీ వచ్చింది. 2000 తరువాత బ్రిటన్ ప్రభుత్వ సాయంతో, లక్ష జనాభా దాటిన పట్టణాలలో పేదల వసతుల కోసం ఏ.పి.యు.ఎస్.పి. పథకం నడిచింది. ఖమ్మం అందులో ఒకటి. నిపుణుల సలహా ఇక్కడ చాలా సులువైనది. ప్రతి మురికివాడకూ పేదరికం ఎంత, వసతుల కొరత ఎంత అని రెండు కొలతలు వేసి, ఒక్కొక్కదాన్ని మూడు మెట్లుగా విడదీస్తే తొమ్మిది గడుల పట్టిక తయారవుతుంది. రెండు కొలతలలోనూ అడుగున ఉన్న వాడకు ముందు పని. దీనితోబాటు మున్సిపాలిటీ తన లెక్కలు, పన్నుల వసూలు కూడా సరిదిద్దుకోవాలి. సిమెంటు రోడ్డు ముందు ఎవరి వార్డుకు అనే తగవు ఎంత దూరం పోతుందో ఎరిగినవారికి, ఆ పట్టిక విలువ వేరే చెప్పనక్కరలేదు. పట్టికను ముందు పెట్టుకుని తీర్మానం చేయడానికి ఒక కౌన్సిలు, అమలు చేయడానికి సిబ్బంది, ఖర్చుకు ఖజానా ఉన్నవి.

పాల్వంచ మీదుగా కిన్నెరసాని దాటి అడవి వైపు వెళితే సంగతి వేరు. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ షెడ్యూల్డు ప్రాంతాలకు దానంతట అది వర్తించదు. పార్లమెంటు విడిగా చట్టం చేయాలి. పంచాయతీలకు 1996లో పెసా చట్టం వచ్చింది. పట్టణాలకు 2001లో రాజ్యసభలో బిల్లయితే పెట్టారు గాని, అది చట్టం కాలేదు. అందువల్లనే 2005లో మున్సిపాలిటీ అయిన మణుగూరు ఎన్నికలు లేక ఏళ్ల తరబడి అధికారుల పాలనలోనే నడిచింది. ఏజెన్సీ రక్షణలు అక్కరలేదని నేను అనను. 1/70 లేకపోతే కోయలకు, కొండరెడ్లకు సెంటు భూమి మిగిలేది కాదు. ఆ రక్షణతోబాటు పట్టణ పాలన ఎలా ఉండాలో తేల్చకుండా వదిలేయడమే నా అభ్యంతరం.

దీని ఫలితం భద్రాచలంలో చూడవచ్చు. నిత్యం యాత్రికులతో నిండే ఈ ఊరి బాగోగులు గ్రామ పంచాయతీవి. 1986 ఆగస్టులో గోదావరి ఇక్కడ 75.6 అడుగులకు చేరింది. తరువాతి కాలంలో కరకట్ట కట్టారు. కట్ట నదిని ఆపుతుంది, నిజమే. కాని నది ఎత్తుగా ఉన్నప్పుడు తూములు మూయాలి, మూస్తే ఊళ్లో కురిసిన వాన బయటికి పోదు. మోటార్లు పెట్టి తోడవలసిందే. కట్ట, తూములు ఇరిగేషన్‌వి, వీధికాలువలు పంచాయతీవి. ఊరంతటికీ కలిపి ఒక డ్రైనేజి పథకం వేయమని ఏ నిపుణుడు చెప్పినా, ముందు ఎవరి బల్ల మీద పెట్టాలో తెలియదు.

2014లో ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. దానితో ఊరి చెత్త వేయడానికి కూడా చోటు కరువైంది. 2022 జూలై 16న నీటిమట్టం 71.3 అడుగులు. కట్ట నిలిచింది. లోపలి కాలనీలలో మాత్రం నీళ్లు నిలిచాయి, వాటిని మోటార్లతో తోడి మళ్లీ గోదావరిలోకే పంపారు.