గంటము పట్టు వేళ

పిల్లవాని చేతికి చాకు ఎప్పుడు ఈయవచ్చునని మన యిండ్లలో నేటికిని తర్కించుకొందుము. మన పాతబడులలో దీనికొక సమాధానము కలదు. తాటియాకుపై వ్రాయు గంటము మొనదేలిన యినుము. కొన్నింటికి ఆకు కోయు కత్తియు జోడించి యుండెడిది.

తెలుగు వ్యాకరణము రచించిన కాంబెల్ దొర బళ్ళారి కలెక్టరుగా 1823లో ఆ జిల్లా యందలి 533 బడులను గూర్చి నివేదించెను. వానిలో 226 తెలుగువి. ఐదవయేట చేరిన బాలుడు మొదట ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దవలెను. వ్రేలు చక్కగా తిరిగిన పిదపనే ఆకుపై గంటముతోనో, కాగితముపై రెల్లుకలముతోనో వ్రాయు అర్హత లభించెడిది.

అనగా వయస్సు బడిలో చేరుటకే కొలత. ఇనుము పట్టుటకు చేతి నిలకడయే కొలత. తొందరపడిన ఆకు చిరుగును, వ్రేలు తెగును. నేడు చాకు అడుగు బిడ్డ యేండ్లను లెక్కించుటకు ముందు మనము వాని చేతిని చూతము.