సిగ, తలగుడ్డ, భామ జడ: కొల్లేటి సీమ పురుషుల కేశబంధనం

కృష్ణా గోదావరుల నడుమ ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు చుట్టూ పరచుకున్న పల్లపు సీమలో పురుషులు జుట్టు పెంచి ముడివేసుకోవడం పందొమ్మిదో శతాబ్దం చివరి దాకా సర్వసాధారణం కాగా, ఆ జుట్టును నిలిపి ఉంచడానికి వారు డబ్బు పెట్టి కొన్న వస్తువులు మాత్రం బహు తక్కువ. రోజూ జుట్టును పట్టి ఉంచింది జుట్టే. దానికి తోడు నిలిచింది భుజం మీది గుడ్డ. పట్టీలు, బాసికాలు, కుప్పెలు తలకెక్కింది పట్టాభిషేకం, పెళ్లి, నాటకం వంటి సందర్భాలలోనే. పురుషుల కేశాలంకరణ చరిత్రను ఆభరణాల జాబితాగా రాయబూనితే ఈ సీమలో అది నాలుగు మాటల్లో ముగిసిపోతుంది, కాబట్టి ముడినీ గుడ్డనూ ముందు పెట్టుకుని చూడడమే సరైన దారి.

సిగ అంటే వెనక్కి దువ్విన జుట్టును మెడకు కాస్త పైన గానీ నడినెత్తి వెనక గానీ చుట్టి వేసిన ముడి. తలకు ఆముదమో నువ్వులనూనో పట్టించి, చిక్కు తీసి, జుట్టంతా ఎడమ గుప్పిట్లోకి తీసుకుని, కుడిచేత్తో మెలిపెట్టి, ఆ మెలికను దాని మొదలు చుట్టూ ఒకటి రెండు చుట్లు తిప్పి, కొసను లోపలికి దోపితే సిగ నిలుస్తుంది. దారం అక్కర్లేదు, పుల్ల అక్కర్లేదు. నూనె జిడ్డూ మెలిక బిగువూ కలిసి ముడిని కాపాడతాయి. పొలంలో వంగి పనిచేసేటప్పుడు సిగ వదులైతే, చేతిలోని కొడవలిని కింద పెట్టి రెండు క్షణాల్లో మళ్లీ బిగించుకోగలగడం ప్రతి మగవాడికీ చిన్నప్పుడే అబ్బిన విద్య.

ఈ సీమ పురుషుల తలకట్టుకు అత్యంత ప్రాచీనమైన సాక్ష్యాలు బౌద్ధ శిల్పాలలో ఉన్నాయి. 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించిన జగ్గయ్యపేట స్తూపపు ఫలకం మీది చక్రవర్తి శిల్పంలోనూ, అమరావతి ఫలకాలలోని రాజులు, శ్రేష్ఠులు, పరిచారకుల శిల్పాలలోనూ తలపాగా నుదుటి పైన పెద్ద బుడిపెగా ముందుకు పొడుచుకుని కనిపిస్తుంది. ఆనాటి పద్ధతిలో గుడ్డను జుట్టు మీద కప్పడమే కాక జుట్టుతో కలిపి పేని చుట్టేవారని వేషధారణ చరిత్రకారులు గుర్తించారు. అంటే గుడ్డే జుట్టుకు బంధనం, అదే అలంకారం, అదే హోదాకు గుర్తు. సిద్ధార్థుడు ఇల్లు విడిచిన రాత్రి కత్తితో జుట్టు కోసుకోగా, దానిని తలపాగాతో సహా దేవతలు త్రయస్త్రింశ స్వర్గానికి తీసుకుపోయి పండుగ చేసుకున్నారన్న కథను అమరావతి శిల్పులు ఎంతో ఇష్టంగా చెక్కారు. రాచరికాన్ని వదులుకోవడాన్ని చూపడానికి వారికి కిరీటం కన్నా పాగాతో కూడిన జుట్టే తగిన గుర్తుగా తోచింది. ఏలూరుకు ఉత్తరాన కామవరపుకోట దగ్గరి గుంటుపల్లి గుహల్లో ఆ కాలంలోనే భిక్షువులు తలలు గొరిగించుకుని జీవించారు కాబట్టి, పాగా చుట్టిన గృహస్థుడూ బోడితల సన్యాసీ ఈ సీమ దారుల్లో ఎదురుపడుతూనే ఉండి ఉంటారు.

ఏలూరు పక్కనున్న పెదవేగి శాలంకాయనులకూ తరువాత తూర్పు చాళుక్యులకూ రాజధాని అయిన వేంగిగా వెలిగిన కాలంలో రాజుల తలకు చేరిన ముఖ్యమైన వస్తువు పట్టం, అంటే అభిషేక సమయంలో నుదుటి మీదుగా తల చుట్టూ కట్టే పట్టీ. బిక్కవోలు ఆలయాలలోని శివమూర్తుల తలపై కనిపించే జటామకుటం, అంటే జడలు కట్టిన జుట్టునే కిరీటంలా ఎత్తుగా పేర్చిన రూపం, దేవుడి విషయంలోనూ జుట్టే కిరీటమన్న భావాన్ని చూపుతుంది. విజయనగర కాలానికి వచ్చేసరికి లేపాక్షి చిత్రాలలోని పెద్దమనుషులూ, తిరుమల గుడిలోని లోహవిగ్రహంలో శ్రీకృష్ణదేవరాయలూ ధరించిన పొడవాటి కుళ్లాయి సిగను పూర్తిగా కప్పివేసింది. అయితే కుళ్లాయి ఆస్థానానికి చెందినది. డెల్టా పల్లెల్లో తలగుడ్డే కొనసాగింది.

పల్లెలో సిగ పోషణ ఒక చిన్న వ్యవస్థ. మగపిల్లవాడికి పుట్టువెంట్రుకలు తీయించడంతో, ద్విజుల ఇళ్లలోనైతే చౌలమనే సంస్కారంతో, అది మొదలయ్యేది. బ్రాహ్మణులు నడినెత్తి వెనక శిఖను, అంటే పిలకను, మాత్రమే ఉంచి మిగిలిన తల గొరిగించుకునేవారు, ఇతరులలో చాలామంది ముందుతలను మాత్రమే గొరిగించుకుని వెనక జుట్టును సిగ వేసేవారు. గొరగడానికి మంగలి తన పొదితో, అంటే కత్తి, సానరాయి, చిన్న అద్దం పెట్టుకునే సంచితో, ఇంటింటికీ వచ్చేవాడు. అతనికి ముట్టేది రోజువారీ కూలి కాదు, కళ్లంలో కొలిచి ఇచ్చే మేర, అంటే పంటలో వాటాగా వచ్చే ధాన్యం. తలంటుకు కుంకుడుకాయ, సీకాయ పెరటి నుంచో సంత నుంచో వచ్చేవి. తప్పక కొనాల్సినవల్లా రెండే: చిక్కు తీసే దువ్వెన, పేలను ఈపులను లాగే సన్నపళ్ల ఈర్పెన. వాటిని పూసలు, సూదులు, కుంకుమ భరిణెలతో పాటు బుట్టలో పెట్టుకుని ఊరూరా తిరిగే పూసలవాళ్లు అమ్మేవారు, ఆ బేరం ఎక్కువగా ఆడవారితోనే సాగేది. మగవాడు తన జుట్టు కోసం దుకాణానికి వెళ్లవలసిన అవసరమే ఆ వ్యవస్థలో లేదు.

కొల్లేటిలో తాటిదోనెల మీద చేపల వేటకు వెళ్లే వారికి తలగుడ్డ మరింత అవసరమైన వస్తువు. నీటి మీద ఎండ మరింత చురుక్కుమంటుంది, వల విసిరేటప్పుడు జుట్టు ఊడి ముఖం మీద పడితే వేట చెడుతుంది, కాబట్టి సిగ మీదుగా రుమాలు బిగించి కట్టడం అలంకారం కాదు, పనిలో భాగం. ఆ గుడ్డే చెమట తుడుచుకోవడానికి, చద్ది మూట కట్టుకోవడానికి, బరువెత్తేటప్పుడు తల మీద చుట్టకుదురుగా పెట్టుకోవడానికి ఉపయోగపడింది. ఇన్ని పనులు చేసిన వస్తువును కేశాలంకరణ సామగ్రి అని ఎవరూ అనలేదు గనుకనే దాని చరిత్ర పుస్తకాలకు ఎక్కకుండా పోయింది. ఇది విచారించదగిన లోపం.

తలకట్టులో జోక్యం చేసుకుంటే ఏమవుతుందో ఈస్టిండియా కంపెనీకి మద్రాసు సైన్యం నేర్పింది. ఏలూరు కూడా ఒకప్పుడు కంపెనీ పటాలాలు విడిది చేసిన ఊరే. మద్రాసు సైన్యంలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండేవారు. సిపాయిలు బొట్టు తుడుచుకోవాలనీ, గడ్డాలు గీయించుకోవాలనీ, తోలు తురాయి గుచ్చిన కొత్తరకం తలపాగా ధరించాలనీ సర్వసేనాని జాన్ క్రాడక్ కాలంలో వెలువడిన ఆదేశాలు 1806 జూలై 10న వెల్లూరు కోటలో తిరుగుబాటుకు కారణమయ్యాయి. గవర్నరు విలియం బెంటింక్‌నూ క్రాడక్‌నూ వెనక్కి పిలిపించుకోవలసి వచ్చింది.

సిగను చివరికి తీసివేసింది మాత్రం ఏ ఆదేశమూ కాదు. చైనాలో మంచూ పాలకులు 1645లో పురుషులకు జడను శాసనంతో విధించారు, 1911 విప్లవం తరువాత ఆ జడలను కోయించారు; జపానులో 1871లో సిగ తీసివేయవచ్చునని ప్రభుత్వమే ప్రకటించింది. కొల్లేటి సీమలో ఆ పని ఇంగ్లీషు బడులూ, కచేరీ ఉద్యోగాలూ, 1890లలో ఏలూరు, తాడేపల్లిగూడెంల మీదుగా పడిన రైలుమార్గమూ, పట్నాలలో వెలిసిన క్షౌరశాలలూ కలిసి రెండు మూడు తరాలలో నెమ్మదిగా చేశాయి. క్రాపు చదువుకున్నవాడికి గుర్తు అయింది. పిలక తీసేసిన కొడుకును ఇంట్లోకి రానివ్వని తండ్రులున్న కాలం నుంచి, పిలక ఉన్న పిల్లవాడిని బడిలో తోటివారు లాగి ఏడిపించే కాలానికి సమాజం చేరుకుంది. మంగలి ఇంటికి రావడం పోయి మగవాడు దుకాణానికి వెళ్లడం మొదలవడంతో మేర కూడా క్రమంగా రొక్కమైంది.

నిత్యజీవితంలో సిగ పోయినా సందర్భపు వస్తువులు నిలిచాయి. పెళ్లికొడుకు నుదుట కట్టే బాసికం, బెండుతో పూసలతో జరీతీగతో చేసి దారంతో తల వెనక ముడివేసే ఆ చిన్న పట్టీ, క్రాపు తల మీద కూడా అంతే సహజంగా కూర్చుంటుంది. అన్నిటికన్నా ఘనమైనది మాత్రం కూచిపూడి భామ జడ. పదిహేడో శతాబ్దానికి చెందిన సిద్ధేంద్రయోగి పేరుతో ప్రసిద్ధమైన భామాకలాపంలో సత్యభామ వేషం తరతరాలుగా పురుషులే కట్టారు. రంగం మీదికి వచ్చే ముందు తెర వెనక నిలబడి జడను తెర మీదుగా సభవైపు వేసేవారు. నాట్యంలో, సాహిత్యంలో తనను ఓడించగలవారుంటే ఈ జడ కోసి ఇస్తానన్న సవాలుగా దానిని సంప్రదాయజ్ఞులు వివరిస్తారు. ఆ జడలో నడినెత్తి వెనక రాగిడి, ఇరువైపులా సూర్యుడు చంద్రుడు, కిందికి జడ పొడవునా నాగరం, కొసన జడకుప్పెలు అమరుతాయి. పాతకాలపు నగలను బూరుగు వంటి తేలికకర్రతో చేయడానికి కారణం స్పష్టమే: రాత్రంతా గంతులు, భ్రమరులు వేసే మెడ లోహపు బరువును మోయలేదు. నటుడికి సొంత సిగ ఉన్న రోజుల్లో సవరాన్ని, అంటే అతుకుజుట్టును, దానికే ముడివేసుకోవచ్చు. క్రాపు వచ్చాక నిలుపుదల కష్టమై విగ్గుల మీద ఆధారం పెరిగింది. ఈ వేషాన్ని పరాకాష్ఠకు చేర్చిన వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) గానీ, పద్యనాటకంలో సత్యభామగా పేరొందిన స్థానం నరసింహారావు (1902–1971) గానీ జడను ముందుకు వేసుకుని వేళ్లతో సవరించే తీరులోనే పాత్ర స్వభావాన్నంతా చూపగలిగారని చూసినవారు రాశారు. పురుషుడి తలకు తెలుగునేల ఇచ్చిన అత్యున్నతమైన అలంకారం ఇదేననడంలో అతిశయోక్తి లేదు.

జుట్టు పెంచడానికి మొక్కు మరొక కారణం. భార్య గర్భవతిగా ఉన్నప్పుడు భర్త జుట్టు తీయించుకోకూడదన్న ఆచారం, దేవుడికి తలనీలాలు ఇచ్చేదాకా కత్తెర తగలనివ్వకూడదన్న నియమం ఇప్పటికీ పాటించేవారున్నారు. ఈ సీమవారికి చిన్నతిరుపతి అయిన ద్వారకాతిరుమలలోని కల్యాణకట్ట, అంటే తలనీలాలు సమర్పించే చోటు, ఆ జుట్టుకు గమ్యం. ఆలయాల్లో చేరిన వెంట్రుకలను వేలం వేస్తారు. వాటిని శుభ్రపరచి ఎగుమతి చేసే వ్యాపారానికి ఏలూరు కూడా పేరుపడింది. కుదుళ్లన్నీ ఒకేవైపు ఉండేలా కట్ట కట్టిన పొడవాటి జుట్టుకు మంచి ధర పలుకుతుంది. దువ్వినప్పుడు రాలి ఉండచుట్టిన చిక్కు వెంట్రుకలను ఒక్కొక్కటిగా విడదీయాలి గనుక అవి తక్కువరకం. శుద్ధిచేయని వెంట్రుకల ఎగుమతిని కేంద్రం 2022 జనవరిలో నియంత్రిత జాబితాలో చేర్చింది. క్రాపు వల్ల పొట్టిదైన మగవారి జుట్టు ఈ వ్యాపారంలో విగ్గుకు గానీ సవరానికి గానీ పనికిరాదు.

క్రాపు కాలంలో, భీమవరం దగ్గరి మోగల్లు వంశస్థుడైన అల్లూరి సీతారామరాజు సన్యాసి జుట్టు జనం మనసులో ఎంత గట్టిగా నిలిచినా అనుకరణ పుట్టించలేదు. మొగల్తూరు కుటుంబానికి చెందిన ప్రభాస్ 2015లో బాహుబలిగా పొడవాటి జుట్టుతో కనిపించిన కాలానికి మాత్రం జుట్టు పెంచే కుర్రవాళ్లు పట్నాల్లో మళ్లీ కనిపించసాగారు. వారు జుట్టుకు వేసే రబ్బరుబ్యాండుకు 1845లో లండనులో స్టీఫెన్ పెర్రీ పేటెంటు పొందింది కాగితాల కట్టలు బిగించడానికే. వట్టి రబ్బరు వెంట్రుకను పట్టి తెంచుతుంది, రోజూ ఒకేచోట బిగించి లాగి కడితే నుదుటి అంచున జుట్టు పలచబడుతుంది, అందుకే గుడ్డ చుట్టిన బ్యాండు మేలు. మగవారి కోసమని వేరే అర లేకపోవడంతో ఏలూరు కుర్రవాడు ఆ బ్యాండును, క్లిప్పును ఫ్యాన్సీ దుకాణంలో ఆడపిల్లల సామాను మధ్యనే వెతుక్కుంటున్నాడు. అతని ముత్తాత మెలిపెట్టి కొస దోపుకున్న ముడి మాత్రం అతనికి ఎవరూ నేర్పలేదు.