సగటు చెప్పని వాన

కాజీపేట-విజయవాడ రైలుమార్గముపై నున్న బోనకల్ ఖమ్మం జిల్లాలోనిది. ఇచ్చటినుండి ఈశాన్యముగా సాగినకొలది భద్రాచలము అడవులు ఎదురగును. జిల్లాలో ఏటా కురియు వాన సగటున సుమారు వెయ్యి మిల్లీమీటర్లు. అందులో అధికభాగము నైరుతి ఋతుపవనముల వలన జూన్-సెప్టెంబరు నెలలలో వచ్చును. కాని సగటు వాన ఏ రైతు పొలములోను కురియదు. ఒక ఏడు వరద, మరొక ఏడు వరపు. ఈ హెచ్చుతగ్గులకు తట్టుకొనగలిగినదే మెట్టసీమలో నిలుచును.

వాన తీరును శాస్త్రజ్ఞులు పట్టుదలతో పరిశీలించుటకు కరువులే ప్రేరణ. 1876-78లో దక్కనును పీడించిన మహాక్షామము ధాత కరువుగా తెలుగునాట మిగిలినది. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖకు తొలి అధిపతియైన హెన్రీ బ్లాన్‌ఫర్డ్, హిమాలయముల మంచునుబట్టి వానలను అంచనా కట్టజూచెను. 1904లో ఆ పదవికి వచ్చిన గిల్బర్ట్ వాకర్, పసిఫిక్, హిందూ మహాసముద్రములపై వాయుపీడనము తక్కెడ సిబ్బెలవలె హెచ్చుతగ్గులగుచుండునని కనుగొనెను. 1877లో పసిఫిక్ జలములు మిక్కిలి వేడెక్కినవని తరువాతి పరిశోధనలు తెలిపినవి.

వాన ఎందుకు తప్పునో ఇట్లు కొంత తెలిసినది. తప్పినప్పుడు జీవకోటి ఎట్లు నిలుచును? మార్పు లేకుండుట వేరు, దెబ్బ తిని కోలుకొనుట వేరు అని కెనడా శాస్త్రజ్ఞుడు హోలింగ్ 1973లో వివరించెను. ఈ అడవులే అందుకు నిదర్శనము. టేకు, తునికి చెట్లు ఎండకాలమున ఆకు రాల్చి నీటిఖర్చు తగ్గించుకొనును. మోదుగను నరికినను వేరునుండి పిలకలు వచ్చును. గడ్డివిత్తులు మట్టిలో దాగి తొలకరికి మొలచును. ఒక జాతి దెబ్బతిన్న ఏట మరొకటి నేలను కాపాడును.

జొన్నలో కంది వేయు పాత మెట్టసేద్యములోను ఇదే నీతి కలదు. బెట్టకు జొన్న ఎదుగుదల ఆపి, వాన పడగానే తిరిగి సాగును. కంది వేళ్లు లోతు తేమను అందుకొనును. ఒకటి పోయినను రెండవది దక్కును.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడిచిరి. అనంతరము ఎడమ కాలువ నీరు బోనకల్ ప్రాంతమునకు చేరి సేద్యము రూపు మార్చినది. ఇది గొప్ప మేలే. కాని ఆ కృష్ణ నీటికి ఎక్కడో పశ్చిమ కనుమలలో వాన పడవలెను. 2002 జూలైలో దేశమంతట వాన సాధారణముకన్న ఇంచుమించు సగము తగ్గినది. అట్టి ఏట కాలువకును కొరతయే. అనగా వాన నిలకడలేమి తొలగలేదు, దూరమునకు జరిగినది.

కనుక పొలమంతయు ఒక్క పత్తికో మిరపకో అప్పగించుట క్షేమము కాదు. చెరువు పూడిక తీయుట, గట్లపై చెట్లను ఉంచుట, అపరాలను విడువకుండుట మంచి ఏడు చేయవలసిన పనులు. వాటి ఫలము చెడ్డ ఏడు తెలియును.