నాతవరం పెరళ్లకు గులాబి వచ్చిన దారి

ఉత్తర కోస్తా పెరళ్లలో గులాబి రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి కొమ్మ విరిచి గుచ్చితే నాటుకునే నాటు గులాబి. రెండోది నర్సరీలో కొని తెచ్చిన అంటు గులాబి. మొదటిదానికి డబ్బుతో పనిలేదు, పొరుగింటివారి మంచితనం చాలు. రెండోది చైనా, ఫ్రాన్స్ తోటలతో మొదలై కలకత్తా, ఢిల్లీ, బెంగళూరు, కడియం చుట్టి వచ్చిన మొక్క.

అనకాపల్లి జిల్లాలోని నాతవరం తుని, నర్సీపట్నం పట్టణాలకు దగ్గరగా, తూర్పు కనుమల అంచున ఉంది. తాండవ జలాశయం ఈ మండలంలోనిదే. వేసవిలో మండే ఎండ, ఆపైన నైరుతి వానలు, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు, ఏడాదిలో ఎక్కువ కాలం ఉక్కపోత ఇక్కడి వాతావరణం. చలిదేశాల పువ్వుగా పేరుపడ్డ గులాబి ఇలాంటి చోట ఎలా నిలదొక్కుకుందో తెలియాలంటే దాని వంశవృక్షాన్ని, అమ్మకపు చరిత్రను కలిపి చూడాలి.

సామర్లకోట నుంచి కలకత్తాకు

తునికి దక్షిణాన రైలు దారిలోనే ఉన్న సామర్లకోట భారత వృక్షశాస్త్ర చరిత్రలో ముఖ్యమైన ఊరు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి అక్కడ ఉండి, తోట వేసి, ఉత్తర సర్కారుల మొక్కలను పరిశీలించాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లి రెండు దశాబ్దాలు పనిచేశాడు. ఆ తోటలోని మొక్కల జాబితా ‘హోర్టస్ బెంగాలెన్సిస్’ 1814లో అచ్చయింది. బెంగాల్ పల్లపు నేలల్లో, నీటి ఒడ్డున పెరిగే ఒక తెల్ల అడవి గులాబికి రాక్స్‌బర్గ్ ‘రోజా ఇన్వొల్యూక్రేటా’ అని పేరు పెట్టాడు. నేటి శాస్త్రవేత్తలు దాన్ని ‘రోజా క్లైనోఫిల్లా’ అంటున్నారు. ఎండకూ నీటి నిల్వకూ తట్టుకోవడం దీని ప్రత్యేకత.

అదే కాలంలో చైనా తోటల గులాబీలు పడమటికి ప్రయాణం కట్టాయి. కాంటన్ నుంచి తిరిగివచ్చే కంపెనీ ఓడలకు కలకత్తా ఒక మజిలీ కావడంతో, వాటిలో కొన్ని అక్కడి తోట మీదుగా ఐరోపా చేరాయి. ఫ్రెంచివారు చైనా గులాబీలను ‘బెంగాల్ గులాబీలు’ అనడానికి కారణం ఇదే. ఐరోపా పాత గులాబీలు చాలావరకు ఏడాదికి ఒక్కసారే, వేసవి మొదట్లో పూసేవి. చైనా గులాబి మాత్రం వెచ్చదనం ఉన్నంతకాలం మళ్లీ మళ్లీ మొగ్గ తొడుగుతుంది. 1792, 1824 మధ్య ఇంగ్లండు చేరిన నాలుగు చైనా రకాలు ఆధునిక తోట గులాబీలకు మూలపురుషులయ్యాయి. ఉష్ణమండలంలో గులాబి ఏడాది పొడవునా పూయగలగడానికి ఈ చైనా రక్తమే ఆధారం. శీతకాలపు నిద్ర లేకపోయినా చైనా వంశానికి లోటు ఉండదు.

ఎడ్వర్డ్, హైబ్రిడ్ టీ

హిందూ మహాసముద్రంలోని బోర్బన్ దీవిలో, అంటే ఇప్పటి రియూనియన్‌లో, పొలాల చుట్టూ గులాబి కంచెలు వేసేవారు. అక్కడ చైనా గులాబి, ఏడాదికి రెండుసార్లు పూసే డమాస్క్ గులాబి తమంతట తామే సంకరమై ‘రోజ్ ఎడ్వర్డ్’ పుట్టింది. 1817 ప్రాంతంలో ఇది ఫ్రెంచి తోటమాలుల కంటపడింది. దాని విత్తనాలు పారిస్ చేరాక బోర్బన్ గులాబీల వంశమే మొదలైంది. భారతదేశంలో దీన్ని ఎడ్వర్డ్ గులాబి అంటారు. సువాసన, మొండితనం రెండూ ఉన్న ఈ గులాబి పూలదండలకు, పన్నీటికి పనికొచ్చింది. అంటు కట్టడానికి కింది మొక్కగా కూడా దేశంలో చాలాచోట్ల వాడారు. తమిళనాడులో విడిపూల కోసం వేసే గులాబీల్లో ఎడ్వర్డ్‌తోపాటు ‘ఆంధ్రా రెడ్’ అనే రకం ఉండడం, దక్షిణాదిలో దండపూల గులాబికి విడిగా ఒక మార్గం ఏర్పడిందనడానికి గుర్తు. ఈ మార్గంలో రేకుల బరువు, వాసన, కోసిన పువ్వు దండలో నిలవడం ముఖ్యం. పొడుగాటి కాడతో పని లేదు.

ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో గిల్లో 1867లో విడుదల చేసిన ‘లా ఫ్రాన్స్’ను మొదటి హైబ్రిడ్ టీ గులాబీగా లెక్కిస్తారు. పొడుగు కాడ చివర ఒకే పెద్ద మొగ్గ, సూదిగా విచ్చుకునే రేకులు దీని తీరు. నేడు నర్సరీలో గులాబి అనగానే కొనేవారి మనసులో మెదిలే రూపం అదే.

ఆ తరువాతి మలుపు పసుపు రంగు. 1900లో పెర్నే-దుషే విడుదల చేసిన ‘సొలేయ్ డోర్’ ద్వారా పర్షియా ప్రాంతపు పచ్చ గులాబి రక్తం తోట గులాబీల్లోకి వచ్చింది. ముదురు పసుపు, నారింజ, రెండు రంగుల పూలు దానివల్లనే సాధ్యమయ్యాయి. రంగుతోపాటు నల్లమచ్చ తెగులుకు లొంగే గుణమూ సంక్రమించింది. ఆకుమీద ఏడు గంటలపాటు తడి ఆరకుండా ఉంటే ఈ తెగులు శిలీంధ్రం లోపలికి దిగుతుంది. నైరుతి వానల్లో తడిసే కోస్తా పెరళ్లలో పసుపు గులాబీలు ఎరుపు, గులాబిరంగు మొక్కలకంటే ముందుగా ఆకు రాల్చడానికి మూలం ఆ సంకరంలో ఉంది.

మన దేశపు రకాలు

ఇరవయ్యో శతాబ్ది మొదటి సగంలో భారతీయ తోటల్లోని పేరున్న గులాబీలన్నీ దాదాపు దిగుమతి సరుకే. గవర్నర్ల బంగళాలు, జమీందారుల తోటలు, మిషనరీ ఆవరణలు వాటికి నెలవులు. మామూలు ఇంటికి అంటు గులాబి ఇంకా అందలేదు.

ఈ స్థితిని మార్చినవారిలో ప్రముఖుడు బెంజమిన్ పియరీ పాల్ (1906–1989). గోధుమ పరిశోధనతో పేరు తెచ్చుకుని, 1965లో భారత వ్యవసాయ పరిశోధనా మండలికి మొదటి డైరెక్టర్ జనరల్ అయిన శాస్త్రవేత్త ఆయన. తీరిక వేళల్లో గులాబీలను సంకరించారు. ఆయన రాసిన ‘ద రోజ్ ఇన్ ఇండియా’ పుస్తకం 1966లో వెలువడింది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ నుంచి 1960, 70 దశకాల్లో హిమాంగిని, మోహిని, మృణాళిని, రక్తగంధ వంటి రకాలు వచ్చాయి. మన ఎండల్లో పెరిగిన విత్తనపు మొక్కల నుంచి ఎంచినవి కావడం వీటి బలం. అయినా వీటిని పెంచి చూపినది ఉత్తరాది శీతకాలంలో. ఢిల్లీలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దొరికే చలి తుని, నాతవరం ప్రాంతాలకు ఉండదు.

అంటు విద్య

గులాబి ఇంటింటికీ చేరింది అంటు వల్లనే. పేరున్న రకాలు కొమ్మ గుచ్చితే అన్నీ బతకవు, బతికినా బలంగా ఎదగవు. అందుకని మొండి జాతి మొక్కను ముందు కొమ్మ గుచ్చి పెంచుతారు. దాని కాండం మీద నేలకు కొద్ది సెంటీమీటర్ల ఎత్తులో ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో బెరడు చీల్చి, కోరిన రకం కన్నును అందులో జొప్పించి, కన్ను బయటికి ఉండేలా ప్లాస్టిక్ పట్టీ చుడతారు. కన్ను అతుక్కుని చిగురించాక పైన ఉన్న అడవి కొమ్మను కోసేస్తారు. మంచి కొమ్మ ఒక్కటి దొరికితే దానిమీది కన్నులన్నీ మొక్కలవుతాయి. రకం పెరగడానికి విత్తనంతో గాని, ఎక్కువ తల్లి మొక్కలతో గాని పనిలేకపోవడం అమ్మకపు ధరను దించింది.

వేరుమూలం ఎంపికలో ప్రాంతభేదం ఉంది. ఉత్తర మైదానాల్లో ఎడ్వర్డ్, ఇండికా ఒడోరాటా ఎక్కువ. బెంగాల్, బీహార్ వైపు ముళ్లు తక్కువగా ఉండే మల్టీఫ్లోరా వాడకం ఎక్కువ. ఉప్పు నేలకు ఒడోరాటా కాస్త మెరుగు. కొన్న మొక్కకు అంటుకింద నుంచి కొత్త పిలకలు వస్తే అవి ఈ అడవి మొక్కవే. సాధారణంగా సన్నని ఆకులు, ఒక్కో రెమ్మకు ఏడు ఆకులతో అవి గబగబా ఎదుగుతాయి. తీసేయకపోతే పైరకం కృశించి చచ్చిపోతుంది. పెద్ద ఎర్ర గులాబి కొంటే రెండేళ్లకు చిన్న తెల్లపూలు పూస్తున్నాయన్న ఫిర్యాదుకు కారణం ఇదే. పువ్వు మారలేదు, మొక్కే మారింది.

కడియం సంత

తునికి నైరుతి దిక్కున సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, రాజమహేంద్రవరం పక్కన కడియం ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి కాలువలు ఆ ప్రాంతానికి ఏడాదిలో ఎక్కువ కాలం నీరిచ్చాయి. ఒండ్రు నేల, కాలువ నీరు, చెన్నై–కలకత్తా జాతీయ రహదారి, రైలు మార్గం ఒకే చోట కలిశాయి. మొదట పూలతోటలు, ఆ తరువాత మొక్కల పెంపకం ఇక్కడ వృత్తిగా స్థిరపడ్డాయి. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, దుళ్ల, వీరవరం గ్రామాల్లో నర్సరీలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. శ్రీ సత్యనారాయణ నర్సరీ స్థాపించిన పల్ల వెంకన్న పేరు ఈ వృత్తి ఎదుగుదలతో పెనవేసుకుంది. కడియపులంక పూల మార్కెట్ కోస్తా జిల్లాలకు విడిపూలు పంపే కేంద్రం.

గులాబి విషయంలో కడియం పెంచేచోటు ఎంతో, చేతులు మారేచోటు అంతకన్నా ఎక్కువ. గులాబి అంటుకు చల్లని రాత్రులు అనుకూలం. బెంగళూరు, హోసూరు పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండడంతో అక్కడ అంట్ల పరిశ్రమ పెరిగింది. అక్కడి మొక్కలు లారీల్లో కడియం చేరి, కవర్లు మార్చుకుని, చిన్న వ్యాన్లలో, మూడు చక్రాల బండ్లలో వీధులకు వస్తాయి. పూత మీదున్న మొక్కే అమ్ముడుపోతుంది కాబట్టి ఎరువుతో, నీడవలతో పువ్వు తెప్పించి మరీ తెస్తారు. పీఠభూమి చల్లదనం నుంచి డెల్టాకు, డెల్టా నీడ నుంచి కోస్తా ఎండకు వరుసగా మారిన మొక్క ఇంటికి రాగానే ఆకు రాల్చడంలో వింతేమీ లేదు.

1991 ఆర్థిక సంస్కరణల తరువాత బెంగళూరు, పుణె, హోసూరు ప్రాంతాల్లో పాలీహౌస్ గులాబి సాగు విస్తరించింది. ప్రేమికుల రోజుకు విదేశాలకు పంపే ‘తాజ్ మహల్’ వంటి ఎర్ర రకాలు అక్కడ ప్రసిద్ధి. ‘డచ్ రోజ్’ పేరుతో ఈ రకాలు ఇంటి తోటలకూ దిగాయి. కప్పుకింద, ఆకు తడవకుండా, కొలిచిన ఎరువుతో పెంచడానికి ఎంచిన రకాలివి. ఆరుబయట వానలో తడిసే పెరట్లో అదే పనితనం చూపలేవు.

పేరు పోయిన మొక్క

అమెరికా 1930లో మొక్కలకు పేటెంటు చట్టం తెచ్చింది. మరుసటి ఏడాది దాని కింద మొదటి పేటెంటు పొందినది ‘న్యూ డాన్’ అనే తీగ గులాబి. అప్పటినుంచి అక్కడ పేరు రాసిన చీటీ మొక్క ధరలో భాగమైంది. భారత పేటెంటు చట్టం మొక్కలకు వర్తించదు. మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 2001లో మాత్రమే వచ్చింది. అంతవరకు విదేశీ రకాల కన్నులు ఎవరైనా కట్టుకోవచ్చు. దీనివల్ల గులాబి పేదింటికి కూడా అందింది. అదే సమయంలో ‘పీస్’, ‘క్రిస్టియన్ డియోర్’, ‘గ్లాడియేటర్’ వంటి పేర్లు దారిలో జారిపోయి మొక్కలు ‘రెడ్’, ‘ఎల్లో’, ‘కాశ్మీరీ’ అన్న గుర్తులతో మిగిలాయి. పేరు లేని మొక్క గురించి ముందుగా తెలుసుకునే వీలు ఉండదు. ఏ రకం తెగులుకు తట్టుకుంటుందో ఒక పెరటి అనుభవం మరో పెరటికి అందదు.

కోస్తాకు తగిన సేద్యం

గులాబి సాగు పుస్తకాలు ఎక్కువగా ఉత్తరాది శీతకాలాన్ని దృష్టిలో ఉంచుకుని రాసినవి. కోస్తా తోటమాలులు ఆ పంచాంగాన్ని తమ వానలకు సర్దుకున్నారు. ఏడాది ముఖ్య కత్తిరింపు వానలు తగ్గుముఖం పట్టే అక్టోబరు, నవంబరుల్లో చేస్తారు. కత్తిరించిన నలభై, యాభై రోజులకు పూత వస్తుంది కాబట్టి సంక్రాంతి వేళకు మొక్క నిండుగా ఉంటుంది. ఉక్కపోతలో కోసిన చోట నుంచి కొమ్మ కిందికి ఎండే తెగులు సాధారణం. అందుకని చలిదేశాల్లోలా మోడుగా కొట్టేయకుండా సగానికి తగ్గించి, కోతకు బోర్డో పేస్టు పూస్తారు. 1880ల్లో ఫ్రాన్స్‌లోని ద్రాక్షతోటల్లో పుట్టిన బోర్డో మిశ్రమానికి ఇది చిక్కని రూపం.

నేల విషయంలో నీరు నిలవకపోవడం మొదటి షరతు. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, ఇసుక, గుప్పెడు వేపపిండి కలిపి నింపిన గుంతలో, అంటుకట్టిన చోటు మట్టికి పైన ఉండేలా నాటుతారు. వేసవిలో ఎర్రనల్లి, తామర పురుగులు, వానల్లో నల్లమచ్చ, చలికాలంలో బూడిద తెగులు వంతుల వారీగా వస్తాయి. నీళ్లు ఉదయం పూట మొక్క మొదట్లో పోయడం, ఆకు తడపకపోవడం, రాలిన ఆకు ఏరి పారేయడం మందుకన్నా ముందు చేయవలసినవి.

వేడి ప్రాంతాలకు తగిన గులాబిని పుట్టించే ప్రయత్నం కూడా ఆంధ్రతో సంబంధం ఉన్నవారే సాగించారు. ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారి ఎం.ఎస్. వీరరాఘవన్ ముందుగానే ఉద్యోగం విరమించి, భార్య గిరిజతో కలిసి కొడైకెనాల్‌లో గులాబి సంకరణకు జీవితాన్ని కేటాయించారు. చలిదేశాల రకాలను ఎండకు అలవాటు చేయడం కన్నా ఎండ జాతుల నుంచే కొత్త రకాలు తీయడం మేలన్నది వారి మార్గం. మణిపూర్ కొండల ‘రోజా జైగాంటియా’ను, రాక్స్‌బర్గ్ పేరు పెట్టిన బెంగాల్ పల్లపు గులాబిని తల్లులుగా వాడుకున్నారు. హైదరాబాదులో సరోజినీ నాయుడు కుటుంబం నివసించిన ఇంటి పేరు ‘గోల్డెన్ త్రెషోల్డ్’ను ఒక గులాబికి పెట్టారు. ఇలాంటి రకాలు కడియం బండి మీదికి రావడం ఇంకా జరగవలసిన పని.

ఈలోగా నాతవరం వంటి చోట మొక్క కొనేవారికి ఈ చరిత్ర నేర్పే పాఠాలు కొన్నే. పువ్వు కన్నా ముందు అంటు చూడాలి. అతుకు నిండుగా ఉండి, దాని పైనుంచి కనీసం రెండు మూడు బలమైన కొమ్మలు లేచి ఉండాలి. నడివేసవిలో కాక వానలు తగ్గాక కొనాలి. తెచ్చిన మొక్కను వారం పది రోజులు పలచని నీడలో ఉంచి నాటాలి. పసుపు, రెండు రంగుల రకాలు ఎక్కువ శ్రమ కోరతాయని తెలిసే తీసుకోవాలి. మొదటిసారి పెంచేవారికి నాటు గులాబి, ఎడ్వర్డ్, చిన్న గుత్తులుగా పూసే చైనా వంశపు రకాలే ఈ తీరానికి నమ్మదగిన గులాబీలు.