వృద్ధుల కుంగుబాటుకు నైట్రస్ ఆక్సైడ్ చికిత్స

నైట్రస్ ఆక్సైడ్ వాయువును ఆక్సిజన్‌తో కలిపి మాస్కు ద్వారా రోగికి అందించి, మందులకు లొంగని కుంగుబాటును తగ్గించేందుకు చేస్తున్న ప్రయోగాత్మక చికిత్స ఇది. కనీసం రెండు రకాల మందులను తగిన మోతాదులో, తగినంత కాలం వాడినా తగ్గని కుంగుబాటును మొండి కుంగుబాటుగా పరిగణిస్తారు.

నేపథ్యం

ఈ వాయువును 1772లో జోసెఫ్ ప్రీస్ట్లీ కనుగొన్నాడు. 1844లో అమెరికా దంతవైద్యుడు హోరేస్ వెల్స్ దీనిని పళ్ళు తీసేటప్పుడు నొప్పి తెలియకుండా ఉండేందుకు ఉపయోగించాడు. పీల్చినవారికి నవ్వు తెప్పిస్తుంది కనుక లాఫింగ్ గ్యాస్ అనే పేరు వచ్చింది.

పనిచేసే విధానం

మెదడులో గ్లుటమేట్ సంకేతాలను అందుకొనే ఎన్ఎండిఎ గ్రాహకాలను ఈ వాయువు అడ్డుకుంటుంది. కెటమిన్ కూడా ఇదే విధంగా పనిచేస్తుంది. సాధారణ మాత్రల గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈ వాయువు పీల్చడం ఆపిన కొద్ది నిమిషాలలోనే ఊపిరితిత్తుల ద్వారా బయటికి పోతుంది. అయినా కొందరిలో దాని గుణం రోజుల తరబడి నిలుస్తుంది.

పరీక్షలు

అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో గల వాషింగ్టన్ విశ్వవిద్యాలయం 2015లో 20 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలను ప్రచురించింది. ప్రతి రోగికి ఒకసారి 50 శాతం నైట్రస్ ఆక్సైడ్‌ను, మరొకసారి ఉత్తుత్తి వాయువును గంటసేపు ఇచ్చారు. అసలు వాయువు తీసుకున్న తరువాత కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా తగ్గాయి. 2021లో 24 మందితో జరిగిన పరీక్షలో 25 శాతం మోతాదు కూడా దాదాపు అంతే గుణం ఇచ్చింది. వికారం వంటి దుష్ఫలితాలు తక్కువగా కనిపించాయి. మెరుగుదల కొందరిలో రెండు వారాల వరకు నిలిచింది.

వృద్ధులలో ప్రత్యేక పరీక్షల అవసరం

చిన్నవారిలో పనిచేసిన మందు వృద్ధులలో కూడా అంతే పనిచేస్తుందని చెప్పలేము. కెటమిన్ జాతికి చెందిన ఎస్‌కెటమిన్ ముక్కు స్ప్రేను 65 ఏళ్ళు దాటిన 138 మందిపై పరీక్షించగా, ఉత్తుత్తి మందుతో పోల్చినప్పుడు కనిపించిన తేడా గణాంకపరంగా నిరూపితం కాలేదు. 60 ఏళ్ళు పైబడినవారిపై జరిగిన ఆప్టిమమ్ అనే పరీక్షలో (2023), వాడుతున్న మందుకు బుప్రోపియాన్ చేర్చినవారు ఎక్కువగా పడిపోయారు. వృద్ధాప్యంలో ఒకసారి పడితే తుంటి ఎముక విరిగి మంచం పట్టవచ్చు. కనుక శరీరంలో నిలవని మందుపై ఆశ కలగడం సహజం. అయితే పై వాయు పరీక్షలు చిన్నవి, వృద్ధుల కొరకు ప్రత్యేకంగా జరిపినవి కావు. పైగా వాయువు మత్తును బట్టి తనకు ఏది ఇచ్చారో రోగి పసిగట్టే వీలుంది.

జాగ్రత్తలు

నైట్రస్ ఆక్సైడ్ విటమిన్ బి12ను నిష్క్రియం చేస్తుంది. ఈ విటమిన్ లోపం వృద్ధులలోను, శాకాహారులలోను తరచుగా కనిపిస్తుంది. అటువంటివారు ఈ వాయువును పదేపదే పీల్చినచో వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు తిమ్మిరెక్కడం, నడక తడబడడం జరగవచ్చు. అందువలన ముందుగా రక్తంలో బి12 స్థాయిని పరీక్షించడం అవసరం. కుంగుబాటు చికిత్సగా ఈ వాయువుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లేదు. వైద్యుల పర్యవేక్షణ లేకుండా పీల్చడం, వాడుతున్న మందులను సొంతంగా మానివేయడం ప్రమాదకరం.